మేడ మీద దివిసీమ

"దివిసీమకి రైలే లేదు కదా బ్రో, కొంచెం మ్యాపు చూసుకుని కట్టాల్సింది" అని కామెంట్ పెట్టి, పక్కన పగలబడి నవ్వే బొమ్మ కూడా తగిలించిన ఆ పెద్దమనిషికి నేనిచ్చిన జవాబు ఎక్కువైందని మీకూ అనిపిస్తే, మొదట్నుంచీ చెప్పాల్సిందే. గ్రూపులో అందరూ నన్నే తప్పుపట్టారు. బొమ్మ రైళ్ళ గ్రూపులో ఆ భాషేంటన్నారు. అడ్మిన్ నా జవాబు తీసేశాడు. ఆ నవ్వే బొమ్మని మాత్రం ఉంచాడు. గ్రూపులో రాస్తే మళ్ళీ తీసేస్తారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మ్యాపు చూసుకోవాల్సిందట. ఆ ఒక్క మాటకే నాకు అంత మండింది. ఎందుకంటే మ్యాపు తెరిచి, స్క్రీను మావయ్య మొహానికి ఆనించి, దివిసీమకి రైలు లేదు మొర్రో అని ఈ ఇంట్లో అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

నేను హైదరాబాదులో పుట్టి పెరిగాను. మా ఫ్లాటులో మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకునేది. నా రైళ్ళన్నీ ఆ మంచం కింద పెట్టెల్లో ఉండేవి. ఆదివారం తీసి, నేల మీద పట్టాలు పరిచి, రాత్రికి మళ్ళీ పెట్టెల్లో సర్దేసేవాణ్ణి. ఆఫీసువాళ్ళు ఎక్కడ కూర్చుని పని చేసినా పర్లేదనగానే నాకు మొదట గుర్తొచ్చింది బందరులో మావయ్య ఇంటి మేడ మీది హాలు. మావయ్యంటే మా అమ్మకి అన్నయ్య, జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. ఒకప్పుడు ఆ హాల్లో ట్యూషన్లు చెప్పేవాడు. నేను వెళ్ళేసరికి బెంచీలు ఒక మూల పేర్చేసి ఉన్నాయి, ఫ్యాను రెక్కల మీద దుమ్ము.

నా ప్లాను సులువే. గోడల వెంట మూడు అరలు, ఒకదాని మీద ఒకటి. ఒక్కో అర మీద ఒక్కో ప్రాంతం. కింద అరలో బందరు స్టేషన్, నడిమి అరలో గుడివాడ జంక్షన్. పై అర మీద, గుడివాడ నుంచి భీమవరం వైపు వెళ్ళే లైను. ఒక అర నుంచి ఇంకో అరకి రైలు గుండ్రంగా తిరుగుతూ ఎక్కే దారి ఒకటుంటుంది, హెలిక్స్ అంటారు. మెట్లు లేని మేడ మెట్లనుకోండి. అన్నీ నిజం రైలులో ఎనభై ఏడో వంతు. నడిపేది ఫోన్లోంచే. వేలు స్క్రీను మీద జరిపితే ఇంజను కదులుతుంది.

మావయ్య అంతా విని, హాలు ఇస్తానన్నాడు. ఒక్క షరతు. బందరు, గుడివాడ నావి. పై అర తనది. అక్కడ దివిసీమ పెడతాడు. రైలు అక్కడికి రావాలి.

"దివిసీమకి రైలు లేదు మావయ్యా."

"లేదు కాబట్టే పెట్టమంటున్నానురా. ఉంటే నీతో పనేముంది, టికెట్ కొనుక్కుని వెళ్ళేవాణ్ణి."

అమ్మావాళ్ళ ఊరు నాగాయలంక దాటాక, నది అవతల లంక. ఇప్పటికీ పంటు మీద దాటాల్సిందే. పంటంటే పడవలకి పైన బల్లలు పరిచిన తెప్పలాంటిది, మనుషులతో పాటు మోటారు సైకిళ్ళు కూడా ఎక్కిస్తారు. మావయ్య బందరు కాలేజీలో చదివే రోజుల్లో పంటు దాటి, రెండు బస్సులు మారి వచ్చేవాడట. వేళకి ఎప్పుడూ రాలేదట. ఆ లంకల నుంచి వచ్చే పిల్లలందరికీ క్లాసులో పంటు బ్యాచ్ అని పేరు. హాజరు పిలిచి పుస్తకం మూసేశాక తలుపు దగ్గర నలుగురు నిలబడితే, మాస్టారు తలెత్తకుండానే పంటు వచ్చిందా అనేవారట. ఉద్యోగం ఇంటర్వ్యూకి బెజవాడ వెళ్ళాల్సిన రోజు కూడా అంతే. బందరు స్టేషన్లోకి పరిగెత్తుకొచ్చేసరికి బండి కదిలిపోయింది. ఆ ఉద్యోగం రాలేదు, ఇంకోటి వచ్చింది, దాంట్లోనే బాగున్నాడు. కానీ ఒక మాట మాత్రం అప్పుడప్పుడూ అంటాడు, "రైలు మొహం నేనెప్పుడూ చూళ్ళేదురా, ఎప్పుడూ వీపే."

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను, హాలు ఆయనది. భీమవరం లైను పోయింది. కానీ మా గ్రూపులో ఒక పట్టింపు ఉంది. కట్టేది నిజంగా ఉన్నదై ఉండాలి. లేని ఊళ్ళు, లేని లైన్లు పిల్లలాట. నాకా లేని స్టేషన్ పెట్టడం పంటి కింద రాయిలా ఉండేది. స్నేహితులకి ఫోటోలు పంపితే పై అర కత్తిరించి పంపేవాణ్ణి.

గుడివాడ స్టేషన్ అచ్చం దించాలని ఒక పొద్దున ప్యాసింజరులో వెళ్ళాం, మావయ్యా నేనూ. గుడ్లవల్లేరు దాటేదాకా నేను కిటికీలోంచి వీడియో తీస్తూనే ఉన్నాను. కరెంటు స్తంభాలు, గేట్లు, పొలాల మధ్య చేపల చెరువులు. గుడివాడలో దిగి ప్లాట్‌ఫాం అంచు, రేకుల కప్పు, నీళ్ళ కుళాయి, పేరు బోర్డు, అన్నీ వంగి, పడుకుని తీస్తుంటే టీ అమ్మే ఆయన ఆగాడు.

"రీల్సా బాబూ?"

నేను కాదనేలోపే మావయ్య అందుకున్నాడు. "మా మేనల్లుడండీ. ఇంట్లో రైలు కడుతున్నాడు."

"కడుతున్నాడా, కొంటున్నాడా?"

"కడుతున్నాడండీ. దివిసీమ దాకా."

టీ ఆయన నా వంక చూసి, టీ పోసి మావయ్య చేతికిచ్చాడు. నాకివ్వలేదు. పిచ్చివాడికి వేడి వస్తువు ఎందుకనుకున్నాడో ఏమో. తిరుగు బండిలో బందరు వచ్చేదాకా నేను మావయ్యతో మాట్లాడలేదు. ఆయన మాత్రం ఎదురు సీటువాళ్ళకి దివి లైను గురించి చెబుతూనే ఉన్నాడు. ఒకాయన ఎప్పటికి పూర్తవుతుందండీ అని కూడా అడిగాడు.

ఇక అసలు గొడవ.

అరలు కట్టడానికి మావయ్య ఘంటసాల అనే ఊరి నుంచి ఒక వడ్రంగి మేస్త్రిని పిలిపించాడు. సరిగ్గా ఆ వారమే ఆఫీసువాళ్ళు నన్ను హైదరాబాదు రమ్మన్నారు. కొలతలన్నీ గీసి మేస్త్రికి పీడీఎఫ్ పంపాను. మూడు అరలకి ఒకే సూత్రం. కిందది వెడల్పుగా ఉండాలి, పైకి వెళ్ళేకొద్దీ సన్నబడాలి. లేకపోతే పై అర కింద అరకి గొడుగు పట్టినట్టు అడ్డొస్తుంది, ఏమీ కనపడదు. ఇదే మళ్ళీ వాయిస్ మెసేజ్‌లో కూడా చెప్పాను. అక్కడే వచ్చింది తంటా. ఊరికే కింద, పైన అనుంటే సరిపోయేది. పెద్దాయనతో పద్ధతిగా మాట్లాడదామని, "మేస్త్రీ గారూ, దిగువది వెడల్పుగా ఉండాలండీ, రెండున్నర అడుగులు. ఎగువది సన్నగా, అడుగు చాలండీ" అన్నాను.

తిరిగొచ్చి మేడెక్కి ఫోన్ చూసుకుంటూ హాల్లో అడుగు పెట్టానో లేదో, నుదురు ఠంగున కొట్టుకుంది. తలెత్తితే పై అర. రెండున్నర అడుగుల వెడల్పున గదంతా చుట్టేసి, సన్‌షేడ్‌లా ముందుకు పొడుచుకొచ్చి ఉంది. వంగి చూస్తే అట్టడుగున నా బందరు, అడుగు వెడల్పున, చీకట్లో, పుస్తకాల అరలా.

మేస్త్రి అక్కడే ఉన్నాడు, ఆఖరి మరలు బిగిస్తున్నాడు. నేను అరిచిన అరుపుకి అత్తయ్య కింద నుంచి పరిగెత్తుకొచ్చింది.

"మీరన్నట్టే చేశానండీ," అన్నాడు మేస్త్రి. "దిగువది వెడల్పు."

"ఇది పైనుంది కదండీ!"

"పైనుంటే మాత్రం దివి కాకుండా పోద్దాండీ? ఈ అర దివిసీమని సారు చెప్పారు. దివి దిగువ కాకపోతే ఇంకేది దిగువండీ?"

అప్పటికిగానీ నాకు అర్థం కాలేదు. ఈ ఊళ్ళలో దిగువ అంటే ఎత్తుకి సంబంధించిన మాట కాదు. నీళ్ళకి సంబంధించిన మాట. కాలవ ఎటు పారితే అటు దిగువ, ఎటు నుంచి వస్తే అటు ఎగువ. బెజవాడ ఎగువ, సముద్రం దిగువ. మీరు దివిసీమని తీసుకెళ్ళి టెర్రస్ మీద పెట్టినా అది దిగువే.

పీడీఎఫ్ చూడలేదా అనడిగితే, తెరిచానని, అందులో అన్నీ ఇంగ్లీషు గీతలున్నాయని, మాట స్పష్టంగా ఉంది కదా అని మాటనే పట్టుకున్నానని చెప్పాడు. బొమ్మ చూడకుండా చెక్క కోసేవాణ్ణి నేనెక్కడా చూళ్ళేదని నేనంటే, దిగువేదో తెలియకుండా కాలవ గట్టున ఊళ్ళు కట్టేవాణ్ణి తనూ చూళ్ళేదన్నాడు. ఈ విషయంలో తప్పు ఆయనదే. ఇప్పటికీ అదే అంటాను.

విప్పేయమన్నాను. మావయ్య అడ్డంగా నిలబడ్డాడు. అప్పటికే ఆయన దాని మీద నీలం రంగు వేసేశాడు, సగం సముద్రం, సగం కృష్ణ పాయలు. థర్మాకోల్ కోసి లంకలు చేశాడు. స్పాంజి ముక్కలు ముంచి మడ అడవి పెట్టాడు. బందరు, గుడివాడ కలిపినా రానంత చోటు దివికి వచ్చింది. ఆయన మొహంలో ఆ సంతోషం చూస్తుంటే నాకు ఇంకా మండింది.

సరే, విప్పడం కుదరదు. అలాగని కింద అరలు కనపడకపోతే ఎలా? అందుకని పై అరనే ఇంకో ముప్పావు అడుగు పైకి జరిపించాను. చూపు ఆనుతోంది, నుదురు తగలట్లేదు. కానీ పైకి జరిపితే రైలు ఎక్కాల్సిన ఎత్తు పెరిగింది. ఎత్తు పెరిగితే హెలిక్స్‌కి ఇంకా చుట్లు కావాలి. చుట్లకి చోటు లేదు. ఉన్న చుట్లలోనే ఎక్కించాలంటే వాలు నిటారవుతుంది. మావయ్య కాగితం తీసుకుని లెక్క వేసి, ఈ వాలులో ఎక్కదురా అన్నాడు. ఎక్కుతుందన్నాను. ఆయన లెక్కల మాస్టారు కావచ్చు, హెలిక్సులు కట్టిన కుర్రాళ్ళ వీడియోలు నేను చూశాను.

బందరు నుంచి గుడివాడకి వేసిన మొదటి హెలిక్స్ దివ్యంగా పనిచేసింది. అత్తయ్య దానికి జంతిక అని పేరు పెట్టింది. చుట్లు చుట్లుగా ఉంటుంది కదా. బందరు గుడివాడల మధ్య నేల బల్లపరుపుగా ఉంటుంది కదా, మన బండికి ఈ ఘాట్ రోడ్డేంటి అని కూడా అడిగింది. గుడివాడ నుంచి దివికి వేసిన రెండో జంతిక దగ్గర మాత్రం ఇంజను మొండికేసింది. ఒక చుట్టు ఎక్కుతుంది, రెండో చుట్టులో చక్రాలు అక్కడే తిరుగుతాయి, మెల్లగా వెనక్కి జారుతుంది. పెట్టెలు తగ్గించాను. ఇంజనుకి బరువు పెట్టాను. పట్టాలు స్పిరిట్‌తో తుడిచాను, సముద్రం గాలికి రెండు రోజులకే నల్లబడతాయి. ఈలోగా వానలు పట్టాయి. ప్లైవుడ్ ఉబ్బి చుట్ల మధ్య పట్టాలు లేచాయి. ఆఫీసు కాల్‌లో కెమెరా ఆపేసి, ఒక చేత్తో స్క్రూడ్రైవరు తిప్పుతూ, అవునండీ అవునండీ అంటూ ఉండేవాణ్ణి. నిద్ర లేచి పళ్ళు తోముకోకముందే మేడెక్కేవాణ్ణి. అన్నం తింటూ వీడియోలు చూసేవాణ్ణి. ఒకసారి అత్తయ్య జాలిపడి రైలుని వేలితో నెట్టింది. వేలు పెట్టొద్దని అరిచాను. చెయ్యి తగిలితే ఆ ప్రయాణం లెక్కలోకి రాదు. వారం పాటు అత్తయ్య మేడ ఎక్కలేదు.

మావయ్య కొన్నాళ్ళు ఓపిక పట్టాడు. ఆయన దివి స్టేషన్ తయారైపోయింది. ప్లాట్‌ఫాం, బల్లలు, తన చేత్తో రాసిన బోర్డు, అన్నీ. రైలే లేదు. పంటు బ్యాచ్‌లో ఇంకా ముగ్గురు బందరులోనే ఉంటారు, అందరూ రిటైరైనవాళ్ళే. వచ్చే ఆదివారం మన దివికి రైలొస్తోంది రండర్రా అని వాళ్ళకి ఫోన్ చేసి చెప్పేశాడు. నన్నడక్కుండా. ఆ సంగతి తెలిసి నేనేదో అనబోతుంటే, గూట్లోంచి పాత నూతి గిలక తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీదుగా తాడు, తాడుకి ఒక పలక, పలక మీద పట్టా, అన్నీ అప్పటికే సిద్ధం చేసి ఉంచాడు, పలకని దివి అంచుకి ఆనించి కూడా చూపించాడు. గుడివాడలో రైలు పలక మీదికి ఎక్కుతుంది, తాడు లాగితే పలక పైకి లేస్తుంది, దివిలో దిగుతుంది.

"అది లిఫ్టు మావయ్యా. అది చీటింగ్."

"లిఫ్టు కాదురా. పంటు. మేమెప్పుడూ అలాగే వెళ్ళాం."

"నువ్వు రైలు రావాలన్నావు. తాడు కట్టి లాగితే అది రైలెలా అవుతుంది?"

ఆయన కోప్పడలేదు. గిలకకి నూనె వేస్తూ మెల్లగా అన్నాడు, "నీ జంతిక ఎక్కేదాకా ఉండమంటే ఉంటాను. వాళ్ళ ముగ్గుర్నీ కూడా ఉండమని చెప్పనా?"

వాదన ఓడిపోతున్నప్పుడు నేను ఇంట్లో ఉండను. మోటారు సైకిలు తీశాను. చల్లపల్లి, పులిగడ్డ, అవనిగడ్డ, నాగాయలంక, ఎక్కడా ఆగలేదు. రేవులో పంటు అవతలి ఒడ్డునుంది. సిగ్నల్ లేదు. ఫోన్ పైకెత్తి, అటు తిప్పి ఇటు తిప్పి, ఆఖరికి జేబులో పెట్టేశాను. అది వచ్చేదాకా చేసేదేమీ లేదు. పక్కన నిలబడ్డవాళ్ళెవరూ విసుక్కోవట్లేదు. నాకే ఒళ్ళు మండిపోతోంది. ప్రతి రోజూ ఇలా నిలబడి, తర్వాత అక్కడ తలుపు దగ్గర పంటు వచ్చిందా అనిపించుకోవడం ఎలా ఉంటుందో మొదటిసారి ఆలోచించాను. నేనైతే ఆ మాస్టారితో మొదటి రోజే తగువు పెట్టుకునేవాణ్ణి.

పంటు వచ్చింది. ఒడ్డుకీ పంటుకీ ఎత్తు ఎక్కడా కలవలేదు. మధ్యలో ఒక బల్ల వాల్చారు, దాని మీంచి బళ్ళన్నీ తడబడకుండా ఎక్కేశాయి. నేను ఎక్కలేదు. మావయ్య పలక మీది పట్టా, అర మీది పట్టా వెంట్రుక వాసి తేడాతో కలవకపోవడం అంతకుముందే చూసి, లోలోపల సంతోషించి ఉన్నాను. ఇంటికెళ్ళి పలక రెండు చివర్లా చిన్న మడత బందులు బిగించి, పట్టా ముక్క వాలేలా చేశాను. లిఫ్టనే అంటున్నాను అప్పటికింకా.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ వచ్చారు. మెట్లెక్కి ఆయాసపడుతూ, నా బందరు వంక, గుడివాడ వంక చూసీ చూడనట్టు చూసి, పై అర ముందు మావయ్య వేసి ఉంచిన ట్యూషన్ బెంచీలెక్కారు. మా ఊరెక్కడంటే మా ఊరెక్కడని ఒకటే తోపులాట. ఒకాయన తన ఊరు నీళ్ళలో పడిందని మావయ్యతో తగువేసుకుంటే, మావయ్య అప్పటికప్పుడు థర్మాకోల్ ముక్క కోసి ఊరు నిలబెట్టాడు.

ఫోన్ మీద వేలు జరిపాను. బండి బందరు వదిలింది. జంతిక ఎక్కింది. గుడివాడలో ఆగింది. మళ్ళీ కదిలించి, మెల్లగా, ఊపిరి బిగబట్టి, పలక మీదికి ఎక్కించి ఆపాను. మావయ్య తాడు అందుకున్నాడు. పలక లేచింది. దివి అంచుకి వచ్చింది. మడత ముక్క వాలింది. ఇక నేను వేలు జరపడమే.

సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. ఆఫీసు. స్క్రీనంతా మేనేజరు పేరే. కట్ చేశాను. రైలు నడిపే యాప్ కనెక్షన్ పోయింది, స్క్రీను మీద సున్నా గుండ్రంగా తిరుగుతోంది. మళ్ళీ కాల్. మళ్ళీ కట్. తాడు కట్టెయ్యడానికి మేకు కొట్టలేదని అప్పుడు చూశాను. మావయ్య చేతుల మీదే ఉంది మొత్తం బరువు. తాడు మణికట్టుకి చుట్టుకున్నాడు, జారనివ్వట్లేదు. నేను ఫోన్ని బూతులు తిడుతున్నాను. పెద్దవాళ్ళున్నారన్న జ్ఞానం కూడా లేదు.

ముగ్గురిలో ఒకాయన, బెంచీ మీద కూర్చున్నాయన, "నింపాదిగా కానివ్వు బాబూ," అన్నాడు. "పంటు మీద ఆగడం మాకేం కొత్త కాదు."

యాప్ కలిసింది. వేలు జరిపాను. చక్రాలు మడత ముక్క మీద టిక్కుమన్నాయి, బండి పలక దిగి దివిలోకి వచ్చింది. మావయ్య తాడు పక్కాయన చేతిలో పెట్టేసి లైను ఆఖరికి వెళ్ళాడు. అక్కడి బెంచీ ఎక్కి, వంగి, గడ్డం ప్లాట్‌ఫాం మీద ఆనించాడు. నేను హెడ్‌లైట్ వేశాను. వెయ్యాలనిపించింది, వేశాను. బండి ఆయన మొహం మీదికే వచ్చింది. కళ్ళద్దాల్లో రెండు దీపాలు. జానెడు దూరంలో ఆపాను.

ఆయన లేవలేదు. అలా వంగే, "మొహం బాగుందిరా," అన్నాడు.

ఆ వీడియోనే గ్రూపులో పెట్టాను. ఈసారి పై అర కత్తిరించలేదు. కింద ఆ కామెంట్ వచ్చింది. నేనేం మారిపోలేదు. రెండో జంతిక ఊడదీయలేదు, వానలు తగ్గాక ప్లైవుడ్ మార్చి మళ్ళీ ప్రయత్నిస్తాను, మావయ్య లెక్క తప్పని నిరూపిస్తాను. మేస్త్రి చేసింది తప్పే. కానీ ఆ నవ్వే బొమ్మ పెట్టినాయనా, అడ్మినూ, మీరూ ఒక్కటి ఆలోచించండి. గుడివాడ అచ్చం దిగిపోయింది బ్రో అని మీరు మెచ్చుకున్న ఆ ప్లాట్‌ఫాం థర్మాకోల్. ఆ రేకుల కప్పు అట్టముక్క. ఆ కుళాయి గుండుసూది. దివి స్టేషన్ కూడా అదే షీటులోంచి, అదే బ్లేడుతో కోసిందే. అది నిజమైనప్పుడు, ఇదొక్కటే అబద్ధం ఎలా అయిందో చెప్పగలరా?